కొలువు కథనములు: స్వభావోక్తి బలము

కొద్దిమందితో ఆరంభమై, పెట్టుబడిదారుల ధనముతో కొలది యేండ్లలోనే వందలు వేలుగా పెరుగు సాంకేతిక సంస్థకు స్టార్టప్ అని పేరు. అట్టి సంస్థలలో కొలువు చేసినవారు తమ అనుభవములను గూర్చి వ్రాసిన రచనలు ఇటీవలి ఆంగ్ల వాఙ్మయమున ఒక శాఖగా ఏర్పడుచున్నవి. వీనిని వ్యాపార వార్తలుగా చదువుట పరిపాటి. కాని ఇవి ప్రధానముగా మాటలను గూర్చిన రచనలు. కావున వీనిని ఆలంకారికుని దృష్టితో చూచుట అనుచితము కాదు. ఇందు మూడింటిని మాత్రమే గ్రహించుచున్నాను: డాన్ లయన్స్ వ్రాసిన 'డిస్‌రప్టెడ్' (2016), సూసన్ ఫౌలర్ 2017 ఫిబ్రవరి 19న ప్రకటించిన వ్యాసము, ఆనా వీనర్ రచించిన 'అన్‌కానీ వ్యాలీ' (2020).

లయన్స్ 'న్యూస్‌వీక్' పత్రికలో ఉద్యోగము పోయిన పిదప, తన యేబది రెండవయేట, 2013లో హబ్‌స్పాట్ అను సంస్థలో చేరెను. తోడివారిలో అనేకులు ఆతని వయసులో సగమువారు. సమావేశములలో వినియోగదారునకు ప్రతినిధిగా ఒక ఎలుగుబంటి బొమ్మను కూర్చుండబెట్టు ఆచారమును ఆతడు వర్ణించిన తీరు చదివినవారెవ్వరును నవ్వకుండ జాలరు. అయితే ఆ గ్రంథమున నవ్వు కంటె ముఖ్యమైనది ఒక పదము. ఆ సంస్థలో ఉద్యోగిని తొలగించినచో 'గ్రాడ్యుయేషన్' అందురట. అనగా ఆతడు పట్టము పుచ్చుకొని వెడలినట్లు. మన భాషలోను ఇట్టి మాట కలదు. పూజానంతరము దేవతను సాగనంపు విధికి ఉద్వాసన యని పేరు. కొలువు పోయినవానికి ఉద్వాసన చెప్పిరందుము. కాని అందలి యెత్తిపొడుపు చెప్పువానికిని తెలియును, వినువానికిని తెలియును. 'గ్రాడ్యుయేషన్' అను మాటలో ఎత్తిపొడుపు లేదు. సంస్థ దానిని సంబరముగనే పలికినది. భయము పుట్టించునది అదియే.

లయన్స్ ఆయుధము వక్రోక్తి. ఆతడు అంతకు మున్ను స్టీవ్ జాబ్స్ వేషమున పరిహాస రచనలు చేసి పేరొందినవాడు. ఆ చేయి ఇందును ఊరకుండలేదు. ఫలితముగా సంస్థ భాషలోని బోలుతనము బయల్పడినది గాని, ఆ భాషను నమ్మి బ్రదుకుచున్న యువకులు పెక్కుతావుల హాస్యపాత్రలుగా మిగిలిపోయిరి. వారేల నమ్మిరి అను ప్రశ్నను హాస్యము మ్రింగివేసినది.

ఆ ప్రశ్నకు సమాధానము వీనర్ గ్రంథమున దొరకును. ఆమె న్యూయార్కులో పుస్తక ప్రచురణకు సంబంధించిన కొలువు మాని, సాన్ ఫ్రాన్సిస్కోలోని సమాచార విశ్లేషణ సంస్థలో వినియోగదారులకు సాయపడు పనిలో చేరెను. అచ్చట ఉద్యోగికి దక్కు గొప్ప మెప్పు, ఆతడు 'లక్ష్యమునకై నిలచినవాడు' అనుట. ఆ మెప్పును తానును కోరుకొంటినని ఆమె దాచలేదు. ఇది లయన్స్ యందు అరుదైన నిజాయితీ. ఆమె ప్రసిద్ధ సంస్థల నామములను పలుకదు. అందరును ద్వేషించు సామాజిక మాధ్యమమనియు, ఇంటర్నెట్ మహావిపణి యనియు సూచించి విడుచును. దీనిని పర్యాయోక్తము అనవచ్చును. దీనివలన సంస్థ వ్యక్తిత్వము పోయి జాతిగా మారును. గ్రంథముగా మూడింటిలో ఇదియే మేలైనదని నా అభిప్రాయము. ఐనను ఈ యలంకారమునకు ఒక వెల కలదు: పేరు లేనిచోట నేరము కూడ పొగవలె పరచుకొనును.

ఫౌలర్ రచన గ్రంథము కాదు, చిన్న వ్యాసము. ఆమె ఊబర్ సంస్థలో 2015 నవంబరులో ఇంజనీరుగా చేరి, 2016 డిసెంబరులో వెడలెను. శిక్షణ ముగిసి తన జట్టులో చేరిన తొలి దినముననే పై యధికారి అనుచిత సందేశములు పంపెను. ఆమె వానిని తెరపై కనబడినవి కనబడినట్లు చిత్రములుగా భద్రపరచి, సిబ్బంది వ్యవహారముల శాఖకు నివేదించెను. అది ఆతని తొలి తప్పనియు, ఆతడు పనిలో సమర్థుడనియు ప్రత్యుత్తరము వచ్చినది. తరువాత ఇతర స్త్రీలను కలిసికొనగా, అదే యధికారిని గూర్చి వారికిని అదే 'తొలి తప్పు' చెప్పబడెనని తెలిసినది. ఈ రెండు వాక్యములను ఆమె ప్రక్కప్రక్కన ఉంచిన చాలినది, వ్యాఖ్య అక్కరలేకపోయినది.

తోలు అంగీల వృత్తాంతము ఇంకను సూక్ష్మమైనది. జట్టులోని యెల్లరకు అంగీలు కొందుమని సంస్థ మాట యిచ్చెను. పురుషులు నూట యిరువది మందికి పైబడి యుండుటచే వారి అంగీలకు ధర తగ్గినది. స్త్రీలు ఆరుగురే యగుటచే తగ్గలేదు. కావున స్త్రీలకు అంగీలు లేవనిరి. పైగా అది సమానత్వమేయని వాదించిరి. ఆమె చేరినపుడు ఆ విభాగమున స్త్రీలు నూటికి ఇరువదియైదుగురకు పైగా ఉండిరి, వెడలునాటికి మువ్వురు. ఈ సంఖ్యలకును అంగీలకును గల సంబంధమును పాఠకుడే కలుపుకొనవలెను.

ఇది స్వభావోక్తి. దండి దానిని తొలి యలంకారముగా గణించి, శాస్త్రములలో దానిదే ఏలుబడియనియు, కావ్యములకును అది కోరదగినదేయనియు తలచెను. కుంతకుడు అంగీకరింపలేదు, స్వభావము అలంకార్యమే గాని అలంకారము కాజాలదని ఆతని వాదము. ఫౌలర్ వ్యాసము దండి పక్షమున నిలుచునని నేను తలంతును. ఏలయన, అచ్చటి లోకమున సహజమైన మాటయే దుర్లభము. తోటివాని కాలు త్రొక్కుటను సైతము ప్రతిభగా పేర్కొను పదునాలుగు 'విలువలు' గల సంస్థలో, జరిగినది జరిగినట్లు చెప్పుటయే విశేషోక్తి యగును. శబ్దమునకు స్వభావమే లేకుండ చేసిన చోట దానిని తిరిగి యిచ్చుట అలంకరణము గాక మరేమి?

వ్యాసము వెలువడిన పిదప విచారణ జరిగెను. 2017 జూనులో ఇరువది మందికి పైగా ఉద్యోగులు తొలగింపబడిరి. అదే నెలలో సంస్థాధిపతి ట్రావిస్ కలానిక్ పదవి విడిచెను. ఇదంతయు ఒక్క వ్యాసము మహిమ యనుట అతిశయోక్తి. ఆ జనవరిలోనే అనేకులు వేరొక కారణమున ఆ సంస్థను విసర్జించియుండిరి. విచిత్రమేమనగా, సంస్థ సైతము మాటలతోనే ప్రాయశ్చిత్తము చేసికొనినది: 'యుద్ధమందిరము' అను గదికి 'శాంతిమందిరము' అని పేరిడిరి, నవంబరులో పదునాలుగు విలువలకు బదులు ఎనిమిది నియమములు వచ్చినవి.

పరిశోధకులు గమనింపవలసినది మరియొకటి కలదు. ఈ మువ్వురును కొలువు విడిచిన పిమ్మటనే ఆ కొలువును గూర్చి నోరు విప్పిరి. ఫౌలర్ అప్పటికే వేరొక సంస్థలో చేరియుండెను. తక్కిన యిద్దరికిని రచనావృత్తి ఆధారమైనది. ముగ్గురును అమెరికా పౌరులు. అదే లోయలో తెలుగువారు వేలకొలదిగా పనిచేయుచున్నారు. వారిలో పెక్కురు హెచ్-1బి అనుమతిపై ఉన్నవారు. 2017 జనవరినుండి అమలులోనున్న నియమము ననుసరించి, ఉద్యోగము పోయినచో వేరొకటి వెదకికొనుటకు వారికి గల గడువు మిక్కిలి యైనచో అరువది దినములు. కొలువు వదలుట యనగా ఇల్లు, పిల్లల బడి, దేశము వదలుట కావచ్చును. అట్టివాడు స్వభావోక్తిని ఎట్లు వహించును? ఆతని అనుభవము ముద్రణకు రాక ఫోను సంభాషణలలో, ఇంటికి వ్రాయు సందేశములలో, పేరు మార్చిన కథలలో నిలిచియుండును. మన పరిశోధన ఆ కథలనుండి ఆరంభము కావలెను. వానిలో పర్యాయోక్తము శిల్పమా, భయమా యని తేల్చుట అందు తొలి పని.