మళ్లీ ఎప్పుడు మేడమ్?

గర్భం పోయి నెలన్నర గడిచాక చూపించుకోవడానికి వచ్చే అమ్మాయి ఒంటరిగా రాదు. వెంట అమ్మో అత్తగారో ఉంటారు. "మళ్లీ ఎప్పుడు అనుకోవచ్చు మేడమ్?" అని అడిగేదీ వాళ్లే. అమ్మాయి ఫైలు అంచు గోటితో గీరుతూ కూర్చుంటుంది. బీపీ చూడాలన్న వంకతో పెద్దవాళ్లను బయటికి పంపిస్తాను. నా టేబుల్ మీద అన్నిటికంటే పనికొచ్చేది ఆ బీపీ మిషనే.

తలుపు మూశాక ప్రశ్న మారిపోతుంది. "ఆ వారం స్కూటీ మీద తిరిగాను. దానివల్లేనా?" స్కూటీ కాకపోతే బొప్పాయి ముక్క, నైట్ షిఫ్టు, గ్రహణం నాడు బయటికి రావడం. తెలిసిన గర్భాల్లో నూటికి 10 నుంచి 20 నిలవవు. తొలి మూడు నెలల్లో పోయినవాటిలో దాదాపు సగానికి కారణం క్రోమోజోముల లోపం. అది చాలామటుకు పిండం ఏర్పడేటప్పుడే జరిగిపోతుంది, తర్వాత ఎక్కిన స్కూటీ ఏం చేస్తుంది? ఈ ఒక్క మాటకే ఎక్కువ సేపు పడుతుంది. తప్పు తనదేననుకుంటున్న పిల్లకి తేదీలు చెప్పి లాభం లేదు.

ఇక తేదీల సంగతి. కనీసం ఆరు నెలలు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2005లో అన్నారు. స్కాట్లండ్‌లో 30 వేల మందికి పైగా స్త్రీల రికార్డులు తిరగేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఆరు నెలల్లోపే మళ్లీ గర్భం దాల్చినవాళ్లకు ఇంకోసారి పోవడం తక్కువని తేలింది. అందుకే మామూలుగా పోయిన తొలి గర్భమైతే ఒక నెలసరి రానివ్వమంటాను, అదీ డేట్లు లెక్కకట్టడానికి. ముత్యాల గర్భమైతే (మోలార్ ప్రెగ్నెన్సీ) హార్మోను పరీక్షలు పూర్తయ్యేదాకా ఆగాల్సిందే. రక్తం బాగా పోతే హిమోగ్లోబిన్ పెరగాలి. రెండుసార్లు పోతే థైరాయిడ్, యాంటీఫాస్ఫోలిపిడ్ పరీక్షలు. ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు ఇప్పట్నుంచే.

ఎవరూ అడగనిది ఒకటుంది: "ఇప్పుడే వద్దనుకుంటే?" గర్భం పోయిన రెండు వారాలకే అండం విడుదల కావచ్చు. కాబట్టి వద్దనుకునేవాళ్లకు జాగ్రత్త ఆ రోజు నుంచే కావాలి. ఇది నేనే అడుగుతాను. కొందరి ముఖం అప్పుడు తేటపడుతుంది.

ఉద్యోగం చేసే ఆడవాళ్లకు గర్భస్రావమైతే ఆరు వారాల వేతన సెలవు 1961 నుంచీ చట్టంలో ఉంది. అడిగేవాళ్లు తక్కువ. మూడో నెల నిండేదాకా ఎవరికీ చెప్పకూడదన్న ఆనవాయితీ వల్ల గర్భం సంగతే ఆఫీసులో తెలియదు, పోయిందని ఏం చెబుతారు?

పెద్దావిడను లోపలికి పిలిచాక మిగిలేది బెడ్‌రెస్ట్ బేరం. "ఈసారి నిలిస్తే మంచం దిగకుండా చూసుకుంటాం, చీటీ మీద రాయండి" అంటుంది. పడుకోబెడితే గర్భం నిలుస్తుందనడానికి ఆధారం లేదని చెబుతాను. ఆవిడ ఒప్పుకోదు.

"పోనీ, బరువులు?"

"నీళ్ల బిందె మీ అబ్బాయి చేత మోయించండి" అంటాను, అది వైద్యం కాకపోయినా.