ఏతిబార్: నమ్మకమా, పరీక్షా?

ప్రయోగ పద్ధతికి ఇబ్నుల్ హైసమ్ (సుమారు 965–1040) ఆద్యుడనే మాట తరచు వినిపిస్తుంది. దానిని ఆయన గ్రంథంతోనే సరిచూడడం మేలు.

దృశ్యశాస్త్రంపై ఏడు ప్రకరణాల ‘కితాబుల్ మనాజిర్’లో ప్రయోగానికి ఆయన వాడిన పదం ‘ఏతిబార్’. ఉర్దూలో దానికి నమ్మకమని అర్థం. ఆయన రచనలో పరీక్ష అని అర్థం. ఒక ఉదాహరణ చూడవచ్చు. చీకటి గదికి ఒకే రంధ్రం. వెలుపల దాని ఎదుట వేర్వేరు చోట్ల దీపాలు. లోపలి గోడపై దీపాలెన్నో వెలుగులూ అన్నే. ఒక దీపానికి అడ్డుపెడితే దాని వెలుగు ఒక్కటే మాయమవుతుంది. అడ్డు తీస్తే తిరిగి వస్తుంది. కాంతులు ఒకే రంధ్రం గుండా సాగినా పరస్పరం కలిసిపోవని దీనివల్ల తేలింది. తక్కినవన్నీ యథాతథంగా ఉంచి ఒక్కదానినే మార్చడంలో ఈ ప్రయోగం బలమంతా ఉంది.

అయినా ఆద్యుడనడం అతిశయోక్తి. రెండవ శతాబ్దంలోనే టాలెమీ వక్రీభవన కోణాల పట్టికలు వేశారు. ఇబ్నుల్ హైసమ్ కొలిచే పరికరాన్ని విపులంగా వర్ణించారు గాని పట్టికలివ్వలేదు. ఇంద్రధనుస్సు విషయంలో పొరబడ్డారు కూడా. దానిని దిద్దినవారు ఆయన వ్యాఖ్యాత కమాలుద్దీన్ ఫారిసీ. నీరు నింపిన గాజు గోళాన్ని వానచినుకుకు బదులుగా తీసుకొని, కాంతి అందులో రెండుసార్లు వంగి, నడుమ పరావర్తనం చెందుతుందని చూపారు. ఆ వ్యాఖ్యానాన్ని 1928–30లో హైదరాబాదు దాయిరతుల్ మఆరిఫ్ ముద్రించింది.

పూర్వుల రచనలనూ, తన బుద్ధినీ కూడా శంకించాలని టాలెమీపై విమర్శలో ఇబ్నుల్ హైసమ్ బోధించారు. ఆయనను పొగిడినవారికన్నా, పరీక్షించిన ఫారిసీయే ఆయనకు నిజమైన శిష్యుడు.