చెత్తబండి రుసుము: మూడు సున్నలు

“మీ యింటికి చెత్తబండి ప్రతిదినము వచ్చినచో నెలకు ఎంత ఇచ్చెదరు?” అని ఇంటింట అడిగి, వచ్చిన అంకెల సగటును ఆ సేవకు విలువగా ప్రకటించు పద్ధతి అర్థశాస్త్రములో కలదు. బజారులో వెల లేనిదానికి వెలకట్టుట దీని ఉద్దేశము. ఉద్దేశము మంచిదే. చిక్కంతయు సగటులోనే ఉన్నది.

నిజామాబాదు జిల్లా మోర్తాడ్‌లో ఈ ప్రశ్న అడిగిరనుకొందము. పశువులున్న రైతు “ఏమియు ఇయ్యను” అనును. పేడ, గడ్డి, కూరల తొక్కలు అతని పెంటకుప్పకు చేరి, వేసవిలో చేనికి ఎరువగును. అతనికి అది చెత్తయే కాదు. పొరుగింటివాడును ఏమియు ఇయ్యననును. ఇంటిపన్ను కట్టుచుండగా వేరే రుసుమెందుకని అతని వాదము. 2019లో ఆరంభమైన పల్లెప్రగతిలో పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ సమకూర్చిరి గదా! మూడవ యింట బీడీలు చుట్టు స్త్రీకి బండి రావలెననియే కోరిక, చేతిలో పైకము లేదు. ఆమెదియు సున్నయే. ఒకటి అక్కర లేమి, ఒకటి నిరసన, ఒకటి పేదరికము. వీనిని కలిపి సగటు తీయుట, విద్యార్థి ఎత్తును, బరువును, మార్కులను కూడి మూడుచే భాగించుట వంటిది.

పెద్ద అంకెయు నమ్మదగినది కాదు. అడుగవచ్చినవాని మొగమాటమున ఏబది రూపాయలనుట సులభము, నెలనెల ఇచ్చుట వేరు. 1989లో అలాస్కా తీరమున ఎక్సాన్ వాల్డెజ్ ఓడనుండి నూనె ఒలికిన పిమ్మట, ఇట్లు అడిగి నష్టమును లెక్కకట్టవచ్చునా అను వివాదము చెలరేగెను. కెన్నెత్ యారో, రాబర్ట్ సోలో అధ్యక్షులుగా గల నిపుణుల సంఘము 1993లో ఈ పద్ధతిని త్రోసివేయలేదు. కాని “ఎంత?” అనక, ఒక మొత్తమును చెప్పి ఔనా, కాదా అని ఓటువలె అడుగుమనెను. ఆ సొమ్ము ఇచ్చినచో ఇతర ఖర్చులకు అంత తగ్గునని గుర్తుచేయుమనెను. అన్నిటికంటె ముఖ్యముగా, ఎందుకని కూడ అడుగుమనెను.

ఆంధ్రప్రదేశ్ పట్టణములలో 2021లో ఇండ్లకు విధించిన చెత్త రుసుము, జనుల వ్యతిరేకత నడుమ 2024లో రద్దు చేయబడినది. దానినిబట్టి జనులకు పరిశుభ్రత పట్టదనువారు కలరు. ఇది తొందరపాటు. వారు కాదన్నది బండినా, పన్నునా అన్నది రద్దు ఒక్కటే చెప్పజాలదు.

మోర్తాడ్ రైతు మాటయు అంతే. ప్లాస్టిక్ సంచి పెంటకుప్పలో కుళ్ళదు, ఎరువుతోపాటు చేనికి పోవును. కుళ్ళని చెత్తకు మాత్రమే బండి వచ్చునని చెప్పి మరల అడిగినచో అతడు వేరొక సమాధానము చెప్పవచ్చును.