పడిపోయినా కట్ చెప్పలేదు

లండన్‌లో మేరిలెబోన్ రైల్వే స్టేషన్ పక్క వీధి. ముగ్గురు కుర్రాళ్లు కెమెరా వైపు పరిగెత్తుకొస్తున్నారు, వెనక అభిమానుల మంద. జార్జ్ హారిసన్ కాలు తడబడి బోర్లా పడ్డాడు, అతని వెనకే రింగో స్టార్ కూడా తూలిపడ్డాడు. ముందు పరిగెడుతున్న జాన్ లెనన్ వెనక్కి చూసి ఒకటే నవ్వు. ఇంకో దర్శకుడైతే కట్ చెప్పి మళ్లీ తీసేవాడు. రిచర్డ్ లెస్టర్ ఆ ముక్కతోనే సినిమా మొదలుపెట్టాడు.

అది 1964లో వచ్చిన బీటిల్స్ మొదటి సినిమా, 'ఎ హార్డ్ డేస్ నైట్'. అప్పటిదాకా పాప్ గాయకుడి సినిమా అంటే అతనికి ఏదో ఒక వేషం కట్టించడమే. 'సమ్మర్ హాలిడే'లో క్లిఫ్ రిచర్డ్ బస్సు మెకానిక్. 1963లో ఎల్విస్ సినిమా ఒకటి మెక్సికోలోని అకాపుల్కోలో జరుగుతుంది. ఎల్విస్ మాత్రం దాని కోసం హాలీవుడ్ దాటి అడుగు బయట పెట్టలేదు. లెస్టర్ ఈ నలుగురికీ వేషమే ఇవ్వలేదు. మీరు మీరుగానే ఉండండి అన్నాడు.

అదేదో గొప్ప సిద్ధాంతం అనుకోనక్కర్లేదు. యునైటెడ్ ఆర్టిస్ట్స్ సంస్థకి కావలసింది ముందుగా ఆ సినిమా పాటల రికార్డు. ఈ బీటిల్స్ మోజు ఎన్నాళ్లుంటుందో ఎవరికీ తెలియదు. అందుకే సుమారు 2 లక్షల పౌండ్ల చిన్న బడ్జెట్, బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్. మార్చి 2న క్లాప్ కొట్టి, జులై 6న లండన్‌లో మొదటి ఆట వేసేశారు. నలుగురికీ నటన రాదు. రచయిత అలన్ ఓవెన్ కొన్నాళ్లు వాళ్ల వెంట తిరిగి, వాళ్ల మాటతీరు పట్టుకుని, ఒక్కొక్కరికి ఒకటి రెండు ముక్కలకు మించని డైలాగులు రాశాడు. నోట్లోంచి ఊడిపడినట్టుండే ఆ పొట్టి పొట్టి ఎదురు జవాబులే సినిమాకి ప్రాణమయ్యాయి.

రైలు సన్నివేశాలను పాడింగ్టన్ నుంచి మైన్‌హెడ్ వైపు నిజమైన రైల్లోనే తీశారు. ఇరుకు పెట్టె, కిటికీలోంచి మారిపోయే వెలుతురు, కెమెరామన్ గిల్బర్ట్ టేలర్‌కి కాలు కదపడానికి చోటుండదు. ఆ ఇరుకే కథకి పనికొచ్చింది: ఎక్కడికెళ్లినా గదుల్లో, పెట్టెల్లో బందీలయ్యే కుర్రాళ్ల కథ అది. మేరిలెబోన్‌లో ఆ పరుగును ఆదివారం చూసి తీశారు, ఆ రోజు అక్కడ రైళ్లుండవు గనక.

పాటల దగ్గరికొస్తే, మనకి ప్లేబ్యాక్ కొత్త కాదు. ఘంటసాల గొంతుకి ఎన్టీఆర్ పెదవులు కలిపితే మురిసిపోయినవాళ్లం. వీళ్ల విషయంలో గొంతూ వాళ్లదే, పెదవులూ వాళ్లవే. అయినా ముందే రికార్డు చేసిన పాటకి షాట్‌లో నోరు కదపక తప్పదు. సినిమాలోని కచేరీ స్కాలా థియేటర్లో అలా తీసిందే. ఒకేసారి అనేక కెమెరాలు తిప్పి, కేకలేసే పిల్లల ముఖాలకీ గిటార్ వేళ్లకీ సమానంగా చోటిచ్చాడు లెస్టర్. ఆ పిల్లల్లో 13 ఏళ్ల ఫిల్ కాలిన్స్ ఒకడు.

అసలు తెగువ 'కాంట్ బై మీ లవ్' పాటలో చూపించాడు. అందులో ఎవరూ పెదవి కదపరు. నలుగురూ మెట్లు దిగి బయటపడి ఖాళీ మైదానంలో గెంతుతారు, పడతారు, దొర్లుతారు. కెమెరా కాసేపు హెలికాప్టరెక్కి పైనుంచి చూస్తుంది, కాసేపు పరుగు వేగం పెంచుతుంది. మన పరిశ్రమలో మాంటేజ్ సాంగ్ అంటారే, అదే. షూటింగ్ మధ్యలో జాన్ తన పుస్తకం తాలూకు విందుకి వెళ్లిపోతే, మిగతావాళ్లతోనే కానిచ్చారు. లిప్ మూమెంట్ లేని పాటకి ఆ సౌలభ్యం ఉంది. తరవాత ఎంటీవీ వాళ్లు లెస్టర్‌ని మ్యూజిక్ వీడియోకి తండ్రి అన్నప్పుడు, ముందు రక్తపరీక్ష చేయించమన్నాడట.

మరుసటి ఏడు 'హెల్ప్!'కి రంగులొచ్చాయి, డబ్బొచ్చింది. ఫిబ్రవరిలో బహామాస్, మార్చిలో ఆస్ట్రియా మంచుకొండలు, మేలో సాల్స్‌బరీ మైదానంలో మిలిటరీ ట్యాంకులు. స్కీయింగ్ రాని నలుగురినీ మంచు మీదకి వదిలి, వాళ్లు పడినదంతా 'టికెట్ టు రైడ్' పాట చేశాడు లెస్టర్. ఆ పాట నాకు ఇప్పటికీ ఇష్టమే. కానీ సినిమా మొత్తం మీద లొకేషన్లు అందంగా కనపడ్డంతగా మనుషులు కనపడరు. మా సినిమాలో మేమే ఎక్స్‌ట్రాలమైపోయామని జాన్ తరవాత వాపోయాడు కూడా. పైగా కాళికాదేవి పేరును వెక్కిరిస్తూ 'కైలి' అనే దేవతనీ, బలులిచ్చే భక్తులనీ అల్లిన కథ. మనకి నవ్వు రావడం కష్టం.

ఆ కథ కోసమే ట్వికెన్‌హామ్ స్టూడియోలో ఒక భారతీయ రెస్టారెంట్ సెట్ వేశారు. వాద్యాలు పట్టుకుని మన సంగీతకారులు కూర్చున్నారు. షాట్‌కీ షాట్‌కీ మధ్య జార్జ్ అక్కడున్న సితార్‌ని చేతిలోకి తీసుకుని, ఎలా పట్టుకోవాలో చూసుకున్నాడు. అదే ఏడు అక్టోబరులో 'నార్వేజియన్ వుడ్' పాట రికార్డింగ్‌లో సితార్ వాయించాడు.