జరీనా కాగితం

జరీనా హష్మీ (1937–2020) తొలినాటి ముద్రణ చిత్రాల్లో ఉలికి పెద్దగా పని లేదు. 1960ల చివర ఢిల్లీలో ఆమె పాత చెక్క ముక్కలను పక్కపక్కన అమర్చి, సిరా పూసి, కాగితం మీద అచ్చు తీసేవారు. చెక్కలోని చారలు, పగుళ్లు, ముక్కల మధ్య సందులు అన్నీ కాగితానికి ఎక్కేవి. చిత్రమంటే అవే.

అలీగఢ్‌లో పుట్టి, అక్కడే గణితంలో డిగ్రీ చేసిన జరీనా పారిస్‌లో హేటర్ అనే కళాకారుడు నడిపిన ‘అటెలియే 17’ ముద్రణశాలలో ముద్రణ నేర్చారు. ఒకే రేకు మీంచి అనేక రంగులు అచ్చు తీసే పద్ధతికి చిత్తూరు జిల్లాకు చెందిన కృష్ణారెడ్డి పదును పెట్టిందీ అక్కడే. జరీనా మాత్రం రంగుల జోలికి పెద్దగా పోలేదు. 1974లో టోక్యోలో తోషి యోషిదా దగ్గర జపాన్ ఉడ్‌కట్ (చెక్క అచ్చు) పద్ధతి అభ్యసించారు. ఆ తర్వాత న్యూయార్క్‌లో స్థిరపడ్డారు.

అసలు మలుపు అక్కడే, కాగితపు గుజ్జుతో వచ్చింది. నారను నీటిలో నానబెట్టి, దంచి, రంగుమన్ను కలిపి మూసలో పోస్తారు. నీరు ఇంకి ఆరాక, మందంగా, బరువుగా కనిపించే పలక చేతికొస్తుంది. ఇక్కడ రంగు పైపూత కాదు, లోపలిదాకా ఉంటుంది. పాత కట్టడాల మెట్లు, గూళ్లు గుర్తొచ్చే ఈ రూపాలను శిల్పాలనే అనాలి. అయినా మూసలోంచి రూపం తీయడం ముద్రణ నేర్పిన అలవాటే.

1999 నాటి ‘హోమ్ ఈజ్ ఎ ఫారిన్ ప్లేస్’లో 36 ఉడ్‌కట్‌లు ఉన్నాయి. ఒక్కోదానికి ఒక ఉర్దూ మాట, దానితోపాటు కొన్ని గీతలు. దేశవిభజన తర్వాత కొన్నేళ్లకు జరీనా కుటుంబం పాకిస్తాన్ వెళ్లింది. ఆమె పనిలో ఇల్లు తిరిగి తిరిగి రావడానికి అదొక కారణం. కానీ ఎక్కడా కన్నీటి కథ లేదు, నేలపటం గీతలే ఉన్నాయి. ఆ పొదుపే ఈ వరసకు బలం. 2010లో చేసిన ‘బ్లైండింగ్ లైట్’లో కాగితం మీద గీత కూడా లేదు. నిలువెత్తు జపాన్ కాగితానికి బంగారు రేకు అద్ది వేలాడదీశారు.

2011లో వెనిస్ బినాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలోని భారత పెవిలియన్‌లో చోటు దక్కేసరికి ఆమెకు డెబ్బయ్యేళ్లు దాటాయి. తైలవర్ణ చిత్రం పక్కన ముద్రణను చిన్నచూపు చూసే అలవాటు ఈ ఆలస్యానికి ఒక కారణం. కాగితం మందం, నొక్కుడు లోతు ఫోన్ తెరమీద తెలియవు. జరీనా ప్రదర్శన ఎక్కడైనా తటస్థపడితే ఎదురుగానే కాదు, పక్కకు జరిగి కూడా చూడండి.