హార్వీ మిల్క్ కథ – రెండు సినిమాలు

స్వలింగ ప్రేమికుల హక్కుల పోరాటం మీద మనవాళ్ళు ఒక్క సినిమా చూసి ఉంటే అది చాలామటుకు 2008లో వచ్చిన 'మిల్క్' అయి ఉంటుంది. దర్శకుడు గస్ వాన్ శాంట్. షాన్ పెన్‌కి ఉత్తమ నటుడిగా ఆస్కార్ వచ్చింది. అదే కథని రాబ్ ఎప్‌స్టీన్ 1984లోనే 'ద టైమ్స్ ఆఫ్ హార్వీ మిల్క్' అనే డాక్యుమెంటరీగా తీశాడు. దానికీ ఆస్కార్ వచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, మన కుటుంబాలకి పనికొచ్చేది పాతదే అని నా అభిప్రాయం.

ముందు కథ. మిల్క్ శాన్ ఫ్రాన్సిస్కోలో కెమెరా షాపు నడిపేవాడు. తాను గే అని దాచుకోకుండా ఎన్నికల్లో నిలబడి, మూడుసార్లు ఓడి, 1977లో బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్‌కి గెలిచాడు. మరుసటి ఏడు కాలిఫోర్నియా ఓటర్ల ముందుకి ప్రపొజిషన్ 6 వచ్చింది. గే టీచర్లనీ, వాళ్ళని సమర్థించే టీచర్లనీ పబ్లిక్ స్కూళ్ళ నుంచి తీసెయ్యవచ్చన్నది దాని సారాంశం. నవంబర్ 7న ఓటర్లు దాన్ని ఓడించారు. సరిగ్గా ఇరవై రోజులకి, మాజీ సూపర్‌వైజర్ డాన్ వైట్ సిటీ హాల్లోనే మేయర్ జార్జ్ మస్కోనీనీ, మిల్క్‌నీ కాల్చి చంపాడు.

'మిల్క్' దీన్ని మనకి బాగా అలవాటైన హీరో కథలా చెబుతుంది. పెన్ నటనకి వంక పెట్టలేం. కానీ హీరో చుట్టూ ఉన్నవాళ్ళు చిన్నబోయారు. ప్రపొజిషన్ 6 మీద టీవీ చర్చలో మిల్క్ పక్కన కూర్చుని వాదించిన ప్రొఫెసర్ శాలీ గేర్‌హార్ట్ ఇందులో లేనేలేదు. డాన్ వైట్ విచారణ, అతనికి ఏడేళ్ళ ఎనిమిది నెలల శిక్షే పడటం, చివర్లో తెర మీద అక్షరాలుగా వచ్చి పోతాయి.

డాక్యుమెంటరీలో గేర్‌హార్ట్ మన ఎదురుగా కూర్చుని మాట్లాడుతుంది. చైనీస్ సమాజం నుంచి హెన్రీ డేర్ మాట్లాడతాడు. అందరికన్నా నాకు గుర్తుండిపోయింది జిమ్ ఎలియట్ అనే మెషినిస్టుల యూనియన్ మనిషి. గేలంటే తనకి ఎంత చిన్నచూపు ఉండేదో, మిల్క్‌తో పరిచయమయ్యాక అది ఎలా మారిందో ఏ మొహమాటమూ లేకుండా చెబుతాడు. ఇంట్లోవాళ్ళకీ తోటి ఉద్యోగులకీ నిజం చెప్పండి, తెలిసినవాళ్ళకి వ్యతిరేకంగా జనం ఓటెయ్యలేరు అన్నది మిల్క్ వ్యూహం. చెప్పేవాడి ధైర్యాన్ని రెండు సినిమాలూ చూపించాయి. విన్నవాడు ఎలా మారాడన్నది డాక్యుమెంటరీలోనే ఉంది. మన ఇళ్ళల్లో వినవలసినవాళ్ళం మనమే కదా!

రెండిట్లోనూ లేని అధ్యాయం ఒకటుంది. అది మనకి సంబంధించింది. మనలాంటివాళ్ళకి ఈ దేశం తలుపులు తెరిచిందని మనం సభల్లో పొగిడే 1965 ఇమ్మిగ్రేషన్ చట్టమే, 'లైంగిక వక్రత' అనే మాట చేర్చి గేలకి అవే తలుపులు మూసింది. 1990లో గానీ కాంగ్రెస్ ఆ నిషేధాన్ని తీసెయ్యలేదు. అది అమల్లో ఉండగానే, 1986లో, బే ఏరియాలో దక్షిణాసియా గేల కోసం 'త్రికోణ్' సంస్థ పుట్టింది. అంటే అప్పటికే వాళ్ళు మన మధ్య ఉన్నారు. పెళ్ళి చేసుకున్నా, భాగస్వామిని స్పాన్సర్ చేసి గ్రీన్‌కార్డ్ ఇప్పించే వీలు వాళ్ళకి 2013లో సుప్రీంకోర్టు విండ్సర్ తీర్పు తర్వాతే వచ్చింది. దేశమంతటా పెళ్ళి హక్కు 2015లో వచ్చింది.

కోర్టులు చెయ్యగలిగింది చేశాయి. నలుగురూ ఏమనుకుంటారో అన్న మన భయానికి మాత్రం ఏ కోర్టులోనూ తీర్పు రాదు. మహాసభల్లో పెళ్ళి సంబంధాల కార్యక్రమానికి పిల్లల్ని బలవంతంగా లాక్కెళ్ళే ముందు, ఒక సాయంత్రం ఆ డాక్యుమెంటరీ వాళ్ళతో కలిసి చూడండి. మీ అబ్బాయో అమ్మాయో ఆ రోజు మీతో ఏమీ చెప్పకపోవచ్చు. కానీ జిమ్ ఎలియట్ మాట్లాడుతున్నంతసేపూ మీ మొహం వంక చూస్తూనే ఉంటారు.