గంగాదేవి కాపాడిన మధుర

ఎంతటి కరవు వచ్చినను మా రాయదుర్గపు సీమలో రైతు పస్తుండునే గాని విత్తనపు గింజలను వండుకొని తినడు. పరుల చేజిక్కిన దేశమునకు కళలు అట్టి విత్తనములు. ఈ సత్యమును పదునాలుగవ శతాబ్దిలోనే యెరిగిన రాజపత్ని గంగాదేవి. ఈమె విజయనగర ప్రభువగు బుక్కరాయల కోడలు, కుమార కంపనకు భార్య. భర్త మధుర సుల్తానులను గెలిచిన కథను ‘మధురావిజయ’మను సంస్కృత కావ్యముగా రచించెను. కావ్యాదిని మన తిక్కనను స్తుతించినది.

నిష్పక్షపాతముగా చెప్పవలెనన్న, కావ్యమంతయు ఒక్క తీరున లేదు. ఋతువర్ణనము, జలక్రీడ మున్నగునవి ఆలంకారికుల శాసనమునకు లోబడి వ్రాసినవి. చక్కనివే కాని, అట్టివి వేరుచోట్లను చదివియుంటిమి. ఎనిమిదవ సర్గలో కవయిత్రి సొంత గొంతుక వినబడును. అందొక స్త్రీ కంపన యెదుటికి వచ్చి, దక్షిణదేశపు దుర్దశను విన్నవించి, కడపట ఖడ్గమిచ్చును. శ్రీరంగము, చిదంబరము, మధుర అని క్షేత్రములను పేరుపెట్టి చెప్పును. పురుగు తొలిచిన తలుపులు, బీటలువారిన మండపములు, మృదంగము మూగవోయిన గుడులలో నక్కల కూతలు మన కన్నుల గట్టును. ధర్మము నశించెనని ఈమె ఊరక విలపింపదు. ఎచ్చట ఏమి యుండెనో, ఏమి మిగిలెనో లెక్క చెప్పును. పోయినదానికి లెక్క యుంచుటయే రక్షణకు మొదటి మెట్టు.

ఇది కవుల అతిశయోక్తి యందురేమో. ఇబ్న్ బతూతా అను మహమ్మదీయ యాత్రికుడు ఆ సుల్తానుల కాలముననే మధురను చూచెను. సుల్తాను గియాసుద్దీను అతనికి తోడల్లుడు. అయినను స్త్రీలను, శిశువులను చంపించిన అతని క్రూరత్వమును ఆ యాత్రికుడు నిర్భయముగా గర్హించెను. కావున ఈ సర్గను మతద్వేషమునకు ఆయుధముగా చేయుట తగదు. క్రౌర్యమునకు మతము లేదు. దానిని క్రౌర్యమని చెప్పు సత్యసంధతకును మతము లేదు.

1371 నాటికి శ్రీరంగనాథుని ఉత్సవమూర్తి స్వస్థానము చేరినట్లు శ్రీరంగ శాసనము చెప్పుచున్నది. ఆ ఖడ్గము నేడు లేదు, ఆ రాజ్యమును లేదు. కావ్యము మాత్రము 1916లో తిరువనంతపురమున, సంబంధము లేని రెండు గ్రంథముల నడుమ, ఒకే యొక తాటాకుల ప్రతిగా దొరకినది. నడుమ నడుమ ఆకులు లోపించినవి. కళను కాపాడిన స్త్రీ కృతిని మనమెంత జాగ్రత్తగా కాపాడితిమో ఆ లోపములే చెప్పుచున్నవి.

ఆడపిల్లకు ఇంత చదువేల యనువారిని మేమొక్కటి యడిగెదము: గంగాదేవికి అక్షరము నేర్పకుండిన యెడల, ఆ మధురను ఆమె కన్నులతో మనకెవరు చూపెడివారు?